వద్దన్నవాళ్లకు రెండో మెయిలు

కమలాపురం దారిలోని బండల ఫ్యాక్టరీలో నాకు కంప్యూటర్ పని ఇచ్చిన సావుకారుకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చని ఆయన నమ్మాడు. పాత కంప్యూటర్ ఒకదాన్ని మెయిల్ సర్వర్‌గా మార్చి, కంపెనీ పేరుతో అడ్రసులు పెట్టగానే నాకు కళ్లు నెత్తికెక్కాయి.

ఎవరో అమ్మిన సీడీలో వేల ఈమెయిల్ అడ్రసులు దొరికాయి. కడప బండల రేట్లు అందరికీ ఒకేసారి పంపేశాను. మాకు పంపొద్దంటూ చాలామంది జవాబిచ్చారు. చదివి చెబితే సావుకారు నవ్వాడు.

"వద్దంటాండారంటే బేరానికి దిగినట్లే కదప్పా. రేటు తగ్గించి ఇంగోసారి పంపు."

మా బజారులో అంతే. చీర వద్దని మెట్లు దిగేవాళ్లను వెనక్కి పిలవకపోతే అంగడివాడికి మర్యాద తెలియదంటారు. నేనూ మర్యాదగానే వాళ్లందరికీ మళ్లీ పంపాను. వాళ్లు ఫిర్యాదు చేశారు. మూడో రోజుకు మా సర్వర్, అడగని మెయిళ్లు పంపేవాళ్ల పేర్లుండే బ్లాక్‌లిస్టుకెక్కింది. ఆ తర్వాత మేము ఎవరికి ఏం రాసినా వెళ్లినంత వేగంగా వెనక్కి వచ్చేది.

అదే వారం బెంగళూరు నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. ఒప్పుకుంటున్నట్టు శనివారంలోగా కంపెనీ మెయిల్ నుంచే రాయాలి, ఫోన్లో మాట చెల్లదన్నారు. అది చేజారితే పాలిషు మిషన్ల దగ్గర మనుషులకు ఆ నెల పని ఉండదు.

బ్లాక్‌లిస్టు నడిపేవాళ్లకు వాళ్ల వెబ్‌సైట్‌లోనే క్షమాపణ రాశాను. మా కంప్యూటర్లో వైరస్ చేరి, తనంతట తానే అవన్నీ పంపిందన్నాను. పంపేముందు సావుకారుకు తెలుగులో చెప్పాను.

"అబద్ధం ఎందుకప్పా? చెప్పింది నేను, చేసింది నువ్వు. అట్లే రాయి."

అదంతా చెరిపి సీడీ సంగతీ, బేరం సంగతీ ఉన్నదున్నట్టు రాశాను. శుక్రవారం జవాబు వచ్చింది. రెండే ప్రశ్నలు. ఆ అడ్రసులన్నీ తీసేశారా? ఈ పని చేసిన మనిషి ఇంకా మీ దగ్గరే ఉన్నాడా?

రెండోదాన్ని దాచేద్దామనుకున్నాను. కానీ అంతకుముందు రోజే అబద్ధం వద్దన్న మనిషి ఎదురుగా కూర్చున్నాడు. రెండూ తెలుగులో చెప్పాను.

"తీసేసినామని రాయి. అడిగినోళ్లకు తప్ప ఇంగెవురికీ పంపేది లేదని రాయి." తర్వాత రెండోదానికి వచ్చాడు. "ఆ మనిషి ఈడనే ఉండాడని రాయి. శానా నేర్చుకున్నాడని గూడా రాయి."

శనివారం మధ్యాహ్నానికి మా పేరు లిస్టులోంచి తీసేశారు. బెంగళూరుకు మెయిలు వెళ్లింది, పాలిషు మిషన్లు ఆగలేదు.

ఇప్పటికీ మెయిల్ సర్వర్లే నా బతుకుతెరువు. వద్దన్నవాళ్ల పేరు ఆ పూటే తీసేస్తాను. ఈ బతుకు ఆయన చలవే అని తెలిసీ, ఆయన ముందు ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు. ఆ శుక్రవారం "ఆ మనిషి ఇక్కడే ఉన్నాడు" అని ఇంగ్లీషులో టైపు చేస్తుంటే నాకు కళ్లు మసకబారి అక్షరాలు కనిపించలేదు. సరిగ్గా వచ్చిందా అని ఇంగ్లీషు రాని ఆయన్నే అడిగాను.

ఆయన వంగి స్క్రీను వైపు చూశాడు. "బాగుండాది, పంపు" అన్నాడు.