పొట్టలో దాచిన ఎముక

మా పెదనాయన పొయినాడు. మొన్న శుక్రవారం పొద్దున. బజార్లో మా పప్పుల అంగడి ఎందుకు మూసినారని అందరూ అడగతా ఉండారు. నాకు ఎదురుగా నిలబడి చెప్పేది రాదు. అందుకే ఈ మెసేజ్.

కందిపప్పు ఒక బద్ద కొరికి చెప్పేస్తాడు ఆయన, ఇది ఉడుకుతాది, ఇది ఉడకదు అని. ఒక్కసారీ తప్పలే. నేను ఏడో తరగతిలో బడి నిలిపేస్తే ఇంట్లో అందరూ తిట్టినారు. ఆయన అంగట్లో పక్కన స్టూలు వేసినాడు. "మాట్లాడకపోతే పోనీ రా. తూకం సరిగ్గా పెట్టు, చాలు" అన్నాడు.

రెండు నెల్ల కింద ఒక దినం పొద్దున్నే ఆయనకి కుడి చెయ్యి లేవలే. మాట ముద్దగా వచ్చింది. తిమ్మిరి అనుకొని పెద్దమ్మ నూనె రుద్దింది. నేనూ రుద్దినా. లాస్‌పేట నుంచి ఆస్పత్రికి పోయేసరికి మధ్యాహ్నం.

మెదడు వాస్తా ఉండాదంట. పుర్రె ముక్క తీసి వాపుకి చోటియ్యాలన్నాడు డాక్టర్. ప్రాణం నిలబడొచ్చు, మాటా నడకా వస్తాయో లేదో చెప్పలేనన్నాడు.

"ఆయన ఒక బద్ద కొరికి చెప్తాడే, ఇంత చదివి మీరు చెప్పలేరా?" అనింది పెద్దమ్మ.

డాక్టర్ కోపం చేసుకోలే. వయసు, చచ్చిన మెదడు ఎంత, ఎంత లేటుగా తెచ్చినారు, ఇవి చూస్తామన్నాడు. ఏదీ బాగలేదన్నాడు. నా చేతులకి ఇంకా నూనె వాసన.

తీసిన ఎముక చెడిపోకుండా పొట్ట చర్మం కింద పెట్టి కుట్టినారు. కోలుకుంటే మూడు నెలలకి మళ్ళా తలకి పెడతారంట. మంచం పైన అరవంలో చీటీ, ఎడమ పక్క ఎముక లేదు, నొక్కొద్దు అని. ఆ పక్క ముందు ఉబ్బింది. తర్వాత గుంట పడతా వచ్చింది.

నేను ఎడమ చేతిలో పప్పుబద్ద పెడితే వేళ్ళతో నలిపినాడు. అందరికీ చెప్పేసినా, వచ్చేస్తాడని. డాక్టర్ వచ్చి వేలు చూపించమన్నాడు. చూపలే. చెప్పింది విని చేస్తేనే లెక్కంట.

పెద్దమ్మ మాత్రం దినమూ పొట్ట తడిమి, "ఉండాది" అనేది. అది తలకి చేరితే మనిషి ఇంటికి చేరినట్టే ఆమెకి. రెండో నెల్లో దగ్గు, జొరం. అంతే.

కాల్చిన మర్నాడు ఎముకలు ఏరను పోయినాం. కాటి తాత బూడిదలో కాళ్ళ నుంచి తల దాకా వరసగా పేరుస్తా ఉండాడు. పొట్ట కాడ వంపు పెంకు ఒకటి దొరికింది. ఇది ఈడికి ఎట్లా వచ్చిందని తిప్పి తిప్పి చూసినాడు.

"అది తలది తాతా" అన్నా.

నా చేతికిచ్చినాడు. ఇంకా వెచ్చగా ఉండింది. తల ఎడమ పక్కన పెట్టినా. మా నాయన పాలు చల్లితే దాని మీద నుంచి సన్నంగా ఆవిరి లేచింది.