గడ్డివాము దగ్గర పిలిచిన గొంతు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. బాప్తిస్మం తీసుకోక ముందూ లేదు, తీసుకున్నాకా లేదు. శ్మశానం పక్కనే మా పొలం. సమాధుల మీద కూర్చునే సద్ది తిన్న మనిషిని.

అయినా ఎనభైల్లో, పెన్‌పహాడ్ దగ్గరి మా ఊళ్లో, పట్టపగలు నాకొకటి జరిగింది. దాన్ని చర్చీల్లో సాక్ష్యంగా చాలాసార్లు చెప్పాను. విన్నవాళ్లు నన్ను క్షమించాలి. సూర్యాపేటలో చెప్పినప్పుడు తెల్లబట్టల దేవదూత ఒక్కడే. కోదాడ చేరేసరికి ఆయన చేతికి కత్తి వచ్చింది. మిర్యాలగూడ సభల్లో కాలువ నీళ్లు కూడా పారడం ఆపేశాయి. జనం స్తోత్రం, స్తోత్రం అంటుంటే నా నోరు ఆగలేదు.

ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా చిన్నాయన కొడుకు రత్నం, నేను ఒకే కాలువ కింద రైతులం. ఆ ఎండాకాలం నా వంతు రోజున అతను కాలువకు అడ్డంగా మట్టి వేసి నీళ్లు తనవైపు మళ్లించుకున్నాడు. పొట్టకొచ్చిన నా వరి ఎండిపోయింది. నిలదీస్తే పదిమందిలో, "నీళ్లు కావాల్నంటే ప్రార్థన జేస్కో అన్నా, బైబిల్ల ఏలియా జేస్తే వాన పడ్డది గదా!" అన్నాడు. అందరూ నవ్వారు. పంట పోయిన బాధకన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది.

మరుసటి ఆదివారం అందరూ చర్చిలో ఉండగా, అగ్గిపెట్టె తీసుకుని రత్నం ఇంటి వెనక గడ్డివాము దగ్గరికి వెళ్లాను. అంటించడానికే వెళ్లాను. సాక్ష్యంలో మాత్రం చాటున బీడీ ముట్టించుకోవడానికి వెళ్లానని చెప్పేవాణ్ణి. చిన్న పాపం ఒప్పుకుంటే పెద్దదాని గురించి ఎవరూ అడగరు.

పుల్లలు వాటంతటవే ఆరిపోయాయనీ చెప్పాను. అబద్ధం. మొదటి పుల్లే చక్కగా వెలిగింది. గాలి లేదు. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.

అప్పుడు వినిపించింది. "సిన్నా, నీ ఇష్టం బిడ్డా."

అంతే. అందులో కోపం లేదు, బతిమాలడం లేదు. నన్ను సిన్నా అని పిలిచేది మా అమ్మ ఒక్కతే. ఆమె పోయి అప్పటికి ఆరేళ్లు. గొంతు ఆమెది కాదు. మగగొంతో ఆడగొంతో ఇప్పటికీ చెప్పలేను.

వద్దని ఉంటే మొండికేసి అంటించేవాణ్ణేమో. నీ ఇష్టం అనేసరికి ఆ చెయ్యి నాదేనని తెలిసింది. పుల్ల వేలిని కాల్చేదాకా పట్టుకుని, కింద పడేసి, చెప్పుతో తొక్కాను.

పిలిచిందెవరా అని వాముకు అటువైపు వెళ్లి చూస్తే, నీడలో మంచం. మంచంలో చిన్నాయన. పక్షవాతంతో రెండేళ్లుగా ఆయనకు కాలు కదలదు, నోట మాట లేదు. చల్లగా ఉంటుందని ఇంటివాళ్లు అక్కడ పడుకోబెట్టి చర్చికి వెళ్లారు. గురకపెట్టి నిద్రపోతున్నాడు.

వాళ్లు తిరిగి వచ్చేదాకా ఆయన మీద ఈగలు తోలుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, తొంభైల్లో, ప్రభుభోజనం ఇచ్చే ఒక ఆదివారం. మనసులో పగ ఉన్నవాళ్లు రొట్టె తీసుకునే ముందే ఎదుటివాళ్లతో సమాధానపడమని పాస్టరుగారు అన్నారు. ప్రతినెలా అనే మాటే. ఆరోజెందుకో కూర్చోలేకపోయాను. రత్నాన్ని బయటికి పిలిచి, అగ్గిపెట్టె సంగతంతా చెప్పాను.



"నాకెర్కే అన్నా. నువ్వు బీడీ ఎన్నడు తాగినవ్? పొగ తగిల్తెనే దగ్గుతవ్. నీ సాక్ష్యం ఇన్న మొదటిరోజే మా ఇంటామె, నేను మొకమొకాలు సూసుకున్నం."

"మరి అడగలేదేందిరా?"

"అడిగితే ఇంకో దేవదూతను దించుతవని."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అతను కండువాతో కళ్లు తుడుచుకుని, "నేను జేసింది గూడ తప్పే. దా, జల్ది దా, లోపల రొట్టె అయిపోతది" అని నా చెయ్యి పట్టి లాక్కెళ్లాడు.

గొంతు ఎవరిదో ఇద్దరికీ తెలియలేదు. చిన్నాయన గడ్డివాము దగ్గరి ఆ ఆదివారం తర్వాత నాలుగేళ్లు బతికాడు, ఒక్క మాటా పలకలేదు. ఆయనే పిలిచాడంటే ఎలా పిలిచాడో చెప్పలేను. ఆయన కాదంటే ఎవరో చెప్పలేను. చివరికి అందరు ముసలివాళ్లలాగే జ్వరమొచ్చి, మంచంలో, కొడుకు తలదగ్గర కూర్చుని ఉండగా పోయాడు. ఆ మామూలు చావుకు నేను ఎన్నిసార్లు స్తోత్రం చెప్పుకున్నానో నాకే తెలియదు.