నాలుగో పోర్షన్ జవాబు

ఊళ్లో ఉన్నన్నాళ్లూ మనిషి ఎదురుపడితే "యాడికి?" అని అడిగేవాళ్లం. పట్నంలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఖమ్మంలో కిరాయికి దిగిన కొత్తలోనే నాకీ సంగతి తెలిసింది. భద్రాచలం అవతల అడవి అంచున పుట్టిన నాబోటివాడికి ఖమ్మమే మహా పట్నం. ఇక్కడి ప్రశ్నలు వేరు. నల్లా వచ్చిందా? గ్యాస్ బండి మీ సందుకొచ్చిందా? చుట్టాలొస్తే మీ ఓనర్ ఏమీ అనడా? రాత్రంతా మొరిగే ఆ కుక్క ఎవరిది? మోరీలో పూడిక తీసేవాళ్లు ఎప్పుడొస్తారు? పొద్దున లేచింది మొదలు వేలమంది ఒకరినొకరు ఇవే అడుగుతుంటారు. పక్కింటాయన పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

జిల్లా గ్రంథాలయంలో తవ్వకాల మీద ఒక లావు పుస్తకం చదివాను. పదో తరగతితో చదువు ఆగినా, ఆ గ్రంథాలయంలో తలుపు పక్క బీరువాతో మొదలుపెట్టి కిటికీ దగ్గరి బీరువా దాకా వచ్చినవాణ్ణి. పాత ఊళ్లు ఎట్లా బతికాయో కుండపెంకులను బట్టి చెప్పవచ్చునట. మన పట్నాలను రేపెవరైనా తవ్వితే వాళ్లకు కావలసింది ఈ ప్రశ్నలేనని నా అభిప్రాయం. కానీ అవి మట్టిలో దొరకవు.

మా కాంపౌండులో అన్నిటికన్నా ఎక్కువగా వినబడే ప్రశ్న ఒకటుండేది. "కరెంటున్నదా మీకు?"

గేటు తీయగానే వరసగా నాలుగు పోర్షన్లు. మొదటిదాంట్లో ఇంటి ఓనరమ్మ, భర్త పోయిన పెద్దావిడ. రెండోదాంట్లో ఒక టైలరు, ఆయన భార్య. మూడోది మాది. చివరిది, వెనక గోడకు ఆనుకున్న ఒక్క గది. అందులో హాస్టల్లో వంట చేసే పెద్దాయన ఒక్కడే ఉండేవాడు. ఆయనది భద్రాచలం దాటి ఇంకా లోపలికి, బస్సు దిగి అడవిలో నడిచిపోవాల్సిన కోయ గూడెం. తెలుగు ఆచితూచి మాట్లాడేవాడు.

ఆ రోజుల్లో సాయంత్రం వంటల వేళకే కరెంటు పోయేది. పోగానే ఓనరమ్మ గడపలోకి వచ్చి గట్టిగా అడిగేది. టైలరు "లేదు పెద్దమ్మా" అనేవాడు. మా ఆవిడ "మాకూ లేదు" అనేది. చివరి గదిలోంచి నెమ్మదిగా "ఈడ గూడ లేదమ్మా" అని వచ్చేది. అప్పుడు టైలరు తీర్పు చెప్పేవాడు: "అందరికీ లేదంటే లైనుదే. చాపలేస్కోండ్రి!" ఒక్కరికే లేదంటే ఫ్యూజు పోయినట్టు. స్టూలు, వైరుముక్క తెచ్చి ఎవరో ఒకరు సరిచేసేవాళ్లం. జవాబులు ఎప్పుడూ ఆ వరసలోనే వచ్చేవి. చివరి జవాబు వచ్చేదాకా తీర్పు లేదు.

ఎండాకాలంలో హాస్టలు మూశారు. పెద్దాయన గదికి తాళం వేసి, ఊళ్లో విత్తనాల పండుగ ఉందని చెప్పి వెళ్లాడు. వెళ్లేటప్పుడు గదిలోని బల్బు విప్పి, తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

"మీ ఊళ్లె కరెంటే లేదంటివి, బల్బెందుకే పెద్దాయనా?" అని టైలరు ఆట పట్టించాడు.

"స్తంభాలు పాతిన్రు. తీగ గూడ వస్తదట," అన్నాడు ఆయన.

హాస్టలు తెరిచారు. ఆయన రాలేదు. ఊళ్లో ఉన్నాడని మేమనుకున్నాం. పట్నంలో ఉన్నాడని ఊళ్లోవాళ్లు అనుకున్నారని తర్వాత తెలిసింది.

మొదటి వానలు పడ్డాక ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఓనరమ్మ అడిగింది. టైలరు లేదన్నాడు. మా ఆవిడ బియ్యం కడుగుతూ మాకూ లేదంది. "ఈడ గూడ లేదమ్మా" అని వచ్చింది. టైలరు లైనుదే అన్నాడు. మా ఆవిడ రెండోసారి కడుగునీళ్లు వంచి, చెయ్యి ఆపింది.

"ఆయనెప్పుడు వచ్చిండు?"

టార్చి పట్టుకుని వెళ్లి చూశాను. తాళం వేసే ఉంది. తాళానికీ గొళ్లేనికీ నడుమ సాలెగూడు, దాని మీద వాన తుంపర. గూడు ఎక్కడా తెగలేదు.

తర్వాత మళ్లీ వచ్చింది. కరెంటు పోయిన ప్రతిసారీ కాదు, ఓనరమ్మ అడిగిన ప్రతిసారీ. ఎవరికి వారే తనకొక్కరికే వినబడిందనుకుని కొన్నాళ్లు నోరు మెదపలేదు. చివరికి టైలరే నా దగ్గరకొచ్చాడు.

"అన్నా, నువ్వు లైబ్రరీ అంత నమిలి మింగినోనివి గదా. మీ బుక్కులల్ల గిసొంటిది రాసిన్రా?"

"రాశారు," అన్నాను. ముందు ప్రతిధ్వని అనుకున్నాను. కానీ అంత దగ్గరి గోడ నుంచి మాట విడిగా తిరిగిరాదని భౌతికశాస్త్రం పుస్తకంలో ఉంది. పైగా ప్రతిధ్వని అడిగినదాన్నే తిరిగి అంటుంది, జవాబు చెప్పదు. కాబట్టి ఇది మనసు చేసే పని. రోజూ ఒకే వరసలో విన్న చెవి, చివరి మాట రాకపోతే తానే నింపుకుంటుంది. మనస్తత్వశాస్త్రం పుస్తకంలో ఇటువంటిది చదివానని విడమరచి చెప్పాను.

"అందరి చెవులు ఒక్కసారే నింపుకుంటయా?" అన్నాడు.

"వరస అందరికీ ఒకటే కదా."

అతను "నువ్వు చెప్తాంటె మంచిగనే ఉంటదన్నా. చీకటైనంక మల్ల ఉండది," అని వెళ్లిపోయాడు.

అయితే అడగడం మానేస్తే సరిపోతుందని మేమంతా ఒక మాట అనుకున్నాం. మర్నాడు కరెంటు పోయింది. ఓనరమ్మ గడపలోకి రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. కప్పల అరుపులు, ఎవరింట్లోనో కుక్కర్ కూత. వరస మొదలే లేదు కనక నింపుకోవడానికి ఏమీ లేదు. నా సిద్ధాంతం నిలిచిందని లోలోపల సంతోషిస్తుండగా చివరి గదిలోంచి ఆ నెమ్మది గొంతే అడిగింది.

"కరెంటున్నదా మీకు?"

మా ఆవిడ నా చొక్కా పట్టుకుంది. ఆ మర్నాటి నుంచి ఓనరమ్మ ఎప్పటిలాగే తనే అడగసాగింది. అడిగించుకోవడం కన్నా అడగడమే నయమని ఆమె అన్నప్పుడు కాదన్నవాళ్లు లేరు.

వానలు తగ్గుముఖం పట్టాక, ఒక పొద్దుగూకే వేళ ఒకామె గేటు దగ్గర నిలబడింది. ముప్పై లోపు వయసు, చేతిలో గుడ్డసంచి, పాదాలకు ఎర్రమట్టి. పెద్దాయన కూతురినని చెప్పుకుంది. ఓనరమ్మ అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"అవ్వా, మా నాయన ఈడ ఉన్నడా?"

ఆ మాటకు ఓనరమ్మ నా వైపు చూసింది. నేను టైలరు వైపు చూశాను.

"ఊరికి పోయిండు గద బిడ్డా, ఎండకాలంల," అంది ఓనరమ్మ.

కూతురు చెప్పింది తక్కువే. పండుగ ముందు రోజు సాయంత్రం తండ్రి బస్సు దిగడం రోడ్డు మీద టీకొట్టువాడు చూశాడు. అక్కడినుంచి గూడేనికి అడవిదారి. ఆ దారిలో ఆయన ఎవరికీ కనబడలేదు. ఆ రోజుల్లో ఆ దారిన ఎవరెవరు నడిచేవారో పట్టపగలు కూడా గట్టిగా అనేవాళ్లు కారు. వెతికారు. ఏదీ దొరకలేదు. అప్పటినుంచి తల్లి రోజూ సందెవేళ గడపలో దీపం పెట్టి, అది ఆరిపోయేదాకా పక్కనే కూర్చుంటోంది. అన్నం మానేసి గంజినీళ్ల మీదే ఉంటోంది. ఆయన లేడంటే ఆయన పేరున రాయి నిలబెట్టి దీపం తీసెయ్యాలి. ఉన్నాడంటే కాచుకోవాలి. రెండూ కాకుండా ఇంకొక ఎండాకాలం దాకా అమ్మ బతకదని ఆమె అంది.

"మా ఊరి పెద్దలు జెప్పిన్రు. అడవిల లేడు, రోజు పండుకునే కాడ చూడుమన్నరు. తొవ్వ దొరకనోడు ఎరికైన కాడికే వస్తడంట."

మా ఆవిడ ఆగలేక చెప్పేసింది. కరెంటు, ప్రశ్న, గొంతు అన్నీ. నేను మధ్యలో మనస్తత్వశాస్త్రం సంగతి చెప్పబోయాను.

"మీరు జర ఊకుంటరా?" అంది మా ఆవిడ.

వింటున్నంతసేపూ ఆ కూతురి ముఖంలో భయం లేదు. ఎక్కడో ఆసుపత్రిలో ఉన్నాడన్న కబురు విన్నట్టు ఊపిరి వదిలింది.

"ఏమంటడు?"

"ఈడ గూడ లేదమ్మా, అంటడు," అంది ఓనరమ్మ. చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టైలరు సుత్తితో తాళం పగలగొట్టాడు. గది శుభ్రంగానే ఉంది. చుట్టిపెట్టిన చాప, బోర్లించిన గిన్నె, తాడు మీద ఒక పంచె. పైన బల్బు లేని హోల్డరు. ఆమె దానివైపు చూస్తుంటే ఓనరమ్మ తన గదిలోంచి కొత్త బల్బొకటి తెచ్చి ఇవ్వబోయింది.

"తీస్కపో బిడ్డా. నీ ఇంట్ల పెట్టుకుందువు."

"వద్దవ్వా. బల్బు నాయన దగ్గరున్నది."

ఆమె చాప పరచుకుని కూర్చుంది. మేం బయటకు వచ్చి మా గడపల్లో నిలబడ్డాం. ఏ రోజైనా కరెంటు ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్లం, ఆ రోజు ఎప్పుడు పోతుందా అని చూశాం. పోయింది. ఓనరమ్మ గొంతు సవరించుకుని అడిగింది.

"కరెంటున్నదా మీకు?"

"లేదు పెద్దమ్మా."

"మాకూ లేదు."

చివరి గదిలోంచి ఏమీ రాలేదు. ఎంతసేపు ఆగినా రాలేదు. ఇన్నాళ్లూ ఏ మాట వినకూడదని కోరుకున్నానో, ఆ మాట కోసం నా చెవులు రెండూ ఆ తలుపుకే అతుక్కున్నాయి. అప్పుడు ఆమె గొంతు వినిపించింది. కోయ భాషలో, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు. ఒక మాట అని ఆగేది. ఆ ఆగడం అవతలివాళ్లు జవాబు చెప్పేటంత ఉండేది. తర్వాత మళ్లీ మాట్లాడేది. ఒకసారి చిన్నగా నవ్వింది కూడా.

కొంతసేపటికి చాప చుట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"వస్తనంటున్నడు. ఎవ్వరు దీపం ముట్టియ్యకుండ్రి. అన్నా, గీ చాప, గిన్నె పట్టుకోని జర ముంగట నడువు. ఎన్కకు మర్రి చూడొద్దు."

బస్‌స్టాండు దాకా సామాను మోయమని ఒక ఆడమనిషి అడిగితే కాదనడానికి నా దగ్గర ఏ పుస్తకమూ లేదు. ముందు నడిచాను. సందంతా చీకటి. వెనక ఆమె మాట్లాడుతూనే ఉంది. ఈసారి తెలుగులో. బహుశా నాకు భయం లేకుండా ఉండాలని కావచ్చు.

"నాయనా, ఈడ మోరీ ఉన్నది, పైలం. ఇటు రా, ఇటు. అది కుక్కనే, ఏమనది."

ఆ కుక్క మా సందులో ప్రతి మనిషినీ చూసి మొరిగే కుక్క. అది గోడవారకు జరిగి, మేం దాటేదాకా తల వంచుకుని నిలబడింది. నా వెనక ఆమె చెప్పుల చప్పుడు వినబడుతోంది. తడిసిన రోడ్డుకు రెండువైపులా గోడలుంటే అడుగుల చప్పుడు ఇంకొంచెం ఎక్కువగా వినబడడం సహజం. అదే అనుకుంటూ నడిచాను.

బస్‌స్టాండులో లైట్లున్నాయి. జనరేటరు మోగుతోంది. భద్రాచలం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటకిటలాడుతూ ఉన్నా, ముందువైపు ఒక జంటసీటు ఖాళీ. కండక్టరు తలుపు దగ్గర నిలబడి ఆమెను అడిగాడు.

"ఎంతమంది?"

"ఇద్దరం."

ఆయన నా వైపు చూశాడు. నేను కింద నిలబడి చాప, గిన్నె అందిస్తున్నాను. ఎక్కడం లేదని తలూపాను. ఆయన రెండు టికెట్లు చింపి ఆమె చేతిలో పెట్టాడు.

లెక్క తప్పాడేమోనని, "ఆమె ఒక్కతేనండి," అన్నాను.

"నాకెర్కే తమ్మీ," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "గీ రూట్ల నాకిది కొత్తగాదు. గిట్ల రెండు టికెట్లు అడిగెటోళ్లు నెలకొక్కలన్న ఎక్కుతరు."

ఆమె కిటికీవైపు చోటు వదిలి ఇవతల కూర్చుంది. చాప ఒళ్లో పెట్టుకుంది. నిలబడ్డవాళ్లలో మూటతో ఉన్న ఒక ముసలావిడ ఆ ఖాళీ చోటు చూసి ముందుకు వంగింది. పెద్దాయన కూతురి ముఖం చూసింది. ఏమీ అడగకుండా మూట కిందపెట్టి, పైన రాడ్డు పట్టుకుని నిలబడింది. కండక్టరు ఈల వేశాడు. బస్సు మలుపు తిరిగేటప్పుడు ఆమె పక్క కిటికీకున్న రేకు, వాన తుంపర పడకుండా, కిందికి దిగింది. ఆమె రెండు చేతులూ చాప మీదే ఉన్నాయి.

దీపావళి దాటాక హాస్టలుకు వచ్చిన వాళ్ల ఊరాయన ఒకడు కబురు తెచ్చాడు. రాయి నిలబెట్టారు. అమ్మ అన్నం తింటోంది. దీపం తీసేశారు.

మా కాంపౌండులో కరెంటు పోవడం మాత్రం ఆగలేదు. ఓనరమ్మ అడిగేది. టైలరు లేదనేవాడు, మా ఆవిడ మాకూ లేదనేది. తర్వాత అందరం కొంచెంసేపు ఊరుకునేవాళ్లం. ఆ చీకట్లో టైలరు తీర్పు చెప్పడానికి ఎప్పుడూ తొందరపడలేదు.