దొరసాని వండిన నత్తలు

మా అత్తగారి ఊరు అమరావతి పక్కనే. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, అంటే అరవైల మొదట్లో, ఒక వానాకాలమంతా మా మేడమీది గదిలో ఒక ఫ్రెంచి ఆవిడ ఉంది. అమరావతి శిల్పాలు చూసి బొమ్మలు గీసుకోవడానికి వచ్చిందావిడ. దిగిన ట్రావెలర్స్ బంగళా కురుస్తోందని, గీసిన కాయితాలన్నీ తడిసిపోతున్నాయని దిగులుపడుతుంటే మా మావగారు చూశారు. మా ఇంట్లో గది ఖాళీగానే ఉంది రమ్మని అప్పటికప్పుడు తీసుకొచ్చేశారు. ఇంట్లోవాళ్ళని ఒక మాట అడగాలన్న సంగతి, సామాన్ల బండి మా గుమ్మం ముందు ఆగాక గాని ఆయనకు తట్టలేదు.

ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి. మగవాళ్ళలా లాగూ, చొక్కా వేసుకుని తాటాకు గొడుగు పట్టుకుని తిరిగేది. ఊరంతా దొరసాని అనేవారు. తెల్లవాళ్ళలో ఇంగ్లీషువాళ్ళు కానివాళ్ళు కూడా ఉంటారని మా మావగారు అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు విడమరిచి చెప్పేవారు గాని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆవిడకు ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. నాకూ కొద్దిగానే వచ్చు. ఆవిడకు వచ్చిన మాటలు నాకు రావు, నాకు వచ్చినవి ఆవిడకు రావు. అయినా గుంటూరులో ఇంటర్మీడియట్ చదివిన కోడలు ఇంట్లో ఉండగా ఇంకెవరు మాట్లాడతారు? ఆ విధంగా నేను దుబాసీనయ్యాను.

మా అత్తగారి పుట్టిల్లు కనిగిరి వైపు మెట్ట ఊరు. మాట తక్కువ మనిషి. దొరసాని వచ్చిన రోజున పైనుంచి కింది దాకా ఒకసారి చూసి, "కారం తింటుందో లేదో అడుగు" అన్నారు. తినదని తెలిశాక ఆవిడ కోసం పప్పు విడిగా తీసిపెట్టడం మొదలుపెట్టారు. వాళ్ళిద్దరి మధ్యా పరిచయం అంతవరకే.

శ్రావణంలో ముసురు పట్టింది. చెరువు కింద మాకు కొద్దిగా వరి ఉండేది. కలుపు తీయడానికి వచ్చిన ఆడవాళ్ళు ఇంటికి పోతూ గట్ల వెంట నత్తలు ఏరుకుని కొంగున మూటకట్టుకునేవాళ్ళు. మా పెరటి దారిన వెళ్ళేటప్పుడు మాత్రం ఆ మూట అత్తగారి కంట పడకుండా పక్కకు తిప్పుకునేవాళ్ళు. నత్తలంటే గడవనివాళ్ళ తిండని మా ఇళ్ళల్లో చిన్నచూపు. ఆదివారం కోడో, వేటమాంసమో వండుకునే ఇంట్లో వాటి పేరు కూడా ఎత్తేవాళ్ళు కాదు.

ఒక సాయంత్రం ఆ మూటల్లో ఒకటి జారి విడిపోయింది. పెరటి వసారాలో కూర్చుని బొమ్మ దిద్దుకుంటున్న దొరసాని కాళ్ళ దగ్గరికి నత్తలు దొర్లుకుంటూ వచ్చాయి. ఆవిడ కుంచె పక్కన పెట్టి ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. "ఎస్కార్గో" అంది. మళ్ళీ ఇంకోదాన్ని తీసి అదే మాట అంది. తనను తిడుతోందనుకుని ఆ కూలి మనిషి బెదిరిపోయి మిగతావి గబగబా ఏరుకోబోయింది. దొరసాని ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, నన్ను పిలిచి, నత్తను వాళ్ళ భాషలో అలా అంటారని చెప్పింది. వాళ్ళ దేశంలో తోటల్లో దొరికే నత్తలు వేరట. అయినా ఇవీ ఆ జాతివే కదా అంది. వాళ్ళ దేశంలో పెద్ద పెద్ద విందుల్లో, గొప్ప అతిథులకు నత్తలు వడ్డిస్తారట. వాటికోసం గుంటలున్న పళ్ళేలు, పట్టుకోవడానికి చిన్న పట్టకార్లు విడిగా ఉంటాయట. ఇన్నాళ్ళు అన్నం పెట్టిన ఇంటికి ఒక్క పూట తన చేత్తో వండిపెట్టాలని ఉందని, అత్తగారిని అడగమని నాకు చెప్పింది.

అడిగాను. అత్తగారు బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టకుండానే, "మన ఇంట్లో అవి వండరని చెప్పు" అన్నారు.

ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా అత్తయ్యకు చాలా సంతోషంగా ఉందని, పొలం పనుల హడావుడి తగ్గాక చూద్దామంటున్నారని, మీరింత ఆదరంగా అడగడమే మాకు పదివేలని నాకొచ్చిన ఇంగ్లీషంతా పోగుచేసి చెప్పాను.

అత్తగారు తలెత్తి చూశారు. "నేనన్నది ఒక్క ముక్క. నువ్వు చెప్పింది హరికథంత ఉంది. ఏం చెప్పావమ్మాయ్?"

ఇంతలో మా మావగారు అక్కడికి వచ్చారు. సంగతి విని, ఫ్రెంచివాళ్ళ విందు మన ఇంట్లో జరుగుతుంటే కాదనడమేమిటని, వచ్చే ఆదివారమే పెట్టుకుందామని అక్కడికక్కడే తీర్మానించేశారు. దొరసానికి వచ్చిన నాలుగు తెలుగు మాటల్లో ఆదివారం ఒకటి. అది వినగానే చప్పట్లు కొట్టింది. ఇక అనడానికేముంది. తన వంటింట్లో కుదరదని, తన గిన్నెలు ముట్టకూడదని మాత్రం అత్తగారు కచ్చితంగా చెప్పారు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి కొత్త కుండలు తెప్పించారు.

శనివారం నాడు కలుపు ఆడవాళ్ళు తట్టెడు నత్తలు తెచ్చిపెట్టారు. ఒక పూట బియ్యం కడుగునీళ్ళలో ఉంచితే కడుపులో బురదంతా కక్కేస్తాయని చెప్పారు. సరేనని వెడల్పు కుండలో పోసి, మీద బుట్ట బోర్లించి, పిల్లి భయానికి వంటింటి వెనక వసారాలో పెట్టాం. నత్త ఎంత దూరం నడవగలదో మాలో ఎవరూ ఆలోచించలేదు.

ఆదివారం పొద్దున్నే పొయ్యి రాజెయ్యడానికి వెళ్ళిన అత్తగారు నన్ను పిలిచారు. గొంతులో కోపమేమీ లేదు. అదే నన్ను భయపెట్టింది. వెళ్ళి చూస్తే, కిటికీ ఊచల్లోంచి లోపలికి వచ్చి వంటింటి గోడల నిండా నత్తలు. ఆవకాయ జాడీ మీద రెండు, ఉప్పుకుండ అంచున ఒకటి, క్యాలెండరులో వెంకటేశ్వరస్వామి పాదాల దాకా పాకి అక్కడ ఆగిపోయినది ఇంకొకటి.

"మీ దొరసాని చుట్టాలు ఊరు చూడ్డానికి బయల్దేరారు. వచ్చి పిలుచుకుపొమ్మను" అన్నారు.

దొరసాని, నేను, మా ఆయన తలా ఒక గిన్నె పట్టుకుని వాటిని ఏరుకొచ్చేసరికి బాగా పొద్దెక్కింది. ఈలోగా ఆవిడను రోజూ అమరావతి తీసుకెళ్ళే జట్కా సాయిబు విందు సంగతి దారి పొడుగునా చెప్పేసినట్టున్నాడు. పక్కింటావిడ కవ్వం కావాలని వచ్చింది. ఎదురింటావిడ తోడు కోసం వచ్చింది. వాళ్ళింట్లో మూడు గేదెలు పాడికి ఉన్నాయి, తోడుకు మా ఇంటికి రావాల్సిన అవసరమేమిటో ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పెరట్లో చతికిలబడ్డారు.

దొరసాని నత్తల్ని ఉడకబెట్టి, మాంసం బయటికి లాగి, శుభ్రం చేసి, ఉప్పుతో రుద్ది కడిగింది. గుల్లల్ని విడిగా కాచింది. వెల్లుల్లి రోట్లో వేసి నూరింది. వాళ్ళ దేశపు ఆకేదో కావాలంది, దొరక్క కొత్తిమీరతో సరిపెట్టుకుంది. తర్వాత వెన్న అడిగింది. అత్తగారు నిమ్మకాయంత తెచ్చిచ్చారు. ఇంకా కావాలంది. కొబ్బరికాయంత ఇచ్చారు. అదంతా వెల్లుల్లితో కలిపి ఒక్కో గుల్లలో కూరుతుంటే అత్తగారు చూడలేకపోయారు. నత్తల్ని వండడం కన్నా వెన్న పోవడమే ఆవిడను ఎక్కువ బాధపెట్టిందని నాకు తెలుస్తూనే ఉంది.

జట్కా సాయిబును కూడా తినమని పిలిచాం. "మాకవి పనికిరావమ్మా" అన్నాడు అరుగు మీద కూర్చుని. అది విని దొరసాని, నత్తలకు తగలకముందే తీసిపెట్టిన వెల్లుల్లి వెన్న కొంచెం వేడిచేసి ఆయనకు జొన్నరొట్టెతో ఇప్పించింది. ఫ్రెంచివాళ్ళు తిండి తెలిసిన మనుషులని ఆయన ఆ తర్వాత చాలాకాలం చెప్పుకున్నాడు.

పట్టకార్లు మా దగ్గర ఎక్కడివి? తుమ్మముళ్ళు కడిగి తలా ఒకటి ఇచ్చాం. అందరికంటే సరదా పడిన మా మావగారు ఒక గుల్ల తీసుకుని, వాచీ బాగుచేసేవాడిలా అటూ ఇటూ తిప్పి చూశారు. ముల్లు గుచ్చారు. విరిగింది. ఇంకోటి తీసుకున్నారు, అదీ విరిగింది. మా ఆయన ఒకటి మింగి, బాగుందని చెప్పి, ఆవకాయ జాడీ వైపు దిగులుగా చూశారు. నేను కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నాను. ముందు వెన్న, ఆ తర్వాత వెల్లుల్లి, అవి రెండూ దాటాక పుట్టగొడుగులా జారే మెత్తదనం, అన్నిటికీ చివర చెరువు తగిలింది. చెడ్డగా లేదు. ఇంకోటి తినాలని మాత్రం అనిపించలేదు.

దొరసాని అత్తగారి ముందుకు పళ్ళెం జరిపి కూర్చోమని సైగ చేసింది. వంటింటి గుమ్మాన్ని ఆనుకుని నిలబడిన అత్తగారు ఒక్క క్షణం ఆగి, వచ్చి కూర్చున్నారు. ముల్లు తీసుకున్నారు. గుల్లను ఎడమచేత్తో పట్టి మణికట్టు కొద్దిగా తిప్పారు. మాంసం ఎక్కడా తెగకుండా మొత్తం బయటికి వచ్చింది. నోట్లో వేసుకున్నారు. మేం నోరు తెరిచేలోగా రెండోది, మూడోది కూడా అలాగే ఒలిచారు.

"నీకెలా వచ్చింది ఈ పని?" అన్నారు మావగారు.

అత్తగారు నాలుగోది ఒలుస్తూ చెప్పారు. "మా ఊళ్ళో వరసగా వానల్లేని ఏళ్ళలో ఎండిపోయిన చెరువు తవ్వుకుని ఇవే తిన్నాం. మా అమ్మ తవ్వేది. నేను, తమ్ముడు ఒలిచేవాళ్ళం."

"ఎప్పుడూ చెప్పలేదే."

"మీ ఇంటికొచ్చి ఏమని చెప్పను? కరువుకి నత్తలు తిని పెరిగానని చెప్పనా?"

దొరసాని నా మొహంలోకి చూసింది. నాకు వచ్చినంతలో చెప్పాను. మీ అమ్మ ఎలా వండేదని అడగమంది.

అత్తగారికి నవ్వొచ్చింది. "మా అమ్మ ఎలా వండినా ఇంత చప్పగా వండేది కాదని చెప్పు" అంటూ లేచారు. ఉడికించి ఇంకా గుల్లల్లో పెట్టని నత్తల కుండ ఎత్తి తిన్నగా తన వంటింట్లోకి తీసుకెళ్ళి, తన మూకుడు పొయ్యి మీద పెట్టారు. ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, దనియాలు, మా చేలో పండిన మిరపకాయల కారం వేసి వేయించారు. ఆ ఘాటుకు తోడు కోసం వచ్చినావిడ తుమ్ముకుంటూ వెళ్ళిపోయి, ఐదు నిమిషాల్లో సొంత గిన్నె పట్టుకుని తిరిగి వచ్చింది.

ఆ కూర దొరసాని తింటుంటే చూడాలి. కళ్ళూ ముక్కూ ఏకధారగా కారుతున్నాయి. ముద్దకో గ్లాసు మజ్జిగ తాగుతోంది. వద్దులే అని అత్తగారు పళ్ళెం తీసుకోబోతే రెండు చేతులా పట్టుకుని ఇవ్వలేదు. మావగారు అన్నం మూడుసార్లు కలుపుకున్నారు. ఆ పూట నుంచి ఆవిడకు చప్పటి పప్పు విడిగా తీసిపెట్టడం మానేశారు అత్తగారు.

దసరా ముందు బొమ్మలన్నీ చుట్టకట్టుకుని దొరసాని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు అత్తగారి తమ్ముడు కనిగిరి నుంచి వచ్చాడు. పెద్ద కుటుంబం, ఊళ్ళో పదిమందికి చెప్పే మనిషి. వస్తున్నాడని తెలిసి కోడిని కోయిస్తారనుకున్నాను. అత్తగారు కలుపు ఆడవాళ్ళకు కబురుపెట్టి నత్తలు తెప్పించారు.

ఆయన పీట మీద కూర్చుని మొదటి ముద్ద తిని ఆగిపోయాడు. వంచిన తల ఎత్తకుండానే అక్క వైపు ఒకసారి చూశాడు. అత్తగారు ఏమీ ఎరగనట్టు విసనకర్ర విసురుతున్నారు. ఆయన మళ్ళీ కలుపుకుని, పళ్ళెంలో ఉన్నదంతా తినేశాడు.

"అమ్మ వండితే ఇంత బాగుండేది కాదక్కా" అన్నాడు చివరికి.

"అమ్మ దగ్గర నూనె ఎక్కడిదిరా" అన్నారు అత్తగారు.

ఆయన పళ్ళెం ముందుకు జరిపాడు. ఆవిడ మూకుడు అడుగున ఉన్నదంతా గీకి వడ్డించారు.