వేలికొస దాకా రాని నరం

మా జువాలజీ సార్ పోయారని సోమవారం జనగామ నుంచి ఫోన్ వచ్చింది. ఏడుపు రాలేదు. ఆయనతో చెప్పిన అబద్ధమొకటి గుర్తుకొచ్చింది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా కాలేజీ వాళ్లం వంటావార్పు పెట్టాం. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, రాకపోకలు ఆపి వండుకు తినడం అప్పటి నిరసన. ఉల్లిగడ్డలు కోసి లేవబోతూ జారి కత్తిపీట మీద పడ్డాను. కుడి మణికట్టు తెగింది. సార్ కండువాతో కట్టు కట్టి, దగ్గర్లోని డాక్టరుతో కుట్లు వేయించారు.

"బొటనవేలు, పక్క రెండు వేళ్లు మొద్దుబారినయ్ సార్" అన్నాను.

"దెబ్బకు గట్లనే ఉంటది బిడ్డా. రోడ్డు తెరిసినంక వరంగల్ పోదాం."

మనం పెట్టిన బందును మనమే ఎట్లా తప్పిస్తామని ఆయన పట్టుదల. ఒక బందు వెనుక మరో బందు వచ్చింది. పైన తోలు చక్కగా అతుక్కుంది. లోపల నరం తెగిందని నెలల తర్వాత గాని తేలలేదు. అప్పుడు ఆపరేషన్ చేసి కలిపారు.

"ఏటేటా నరాల పాఠం చెప్పెటోన్ని. నాకే సోయి లేకపాయె" అన్నారు సార్. ఇక ప్రతి ఆదివారం ఇంటికి వచ్చేవారు. "నరం తెగిన కాడి నుంచి రోజుకో మిల్లీమీటరు పెరుగుతది. పాత నరం గొట్టమే దానికి తొవ్వ. ఆలస్యమైతే తొవ్వ మూసుకపోతది" అనేవారు. వేలితో నా అరచేతి మీద మెల్లగా కొడుతూ, జివ్వుమన్న చోట నీలం పెన్నుతో చుక్క పెట్టేవారు. చుక్క అరచేతి నడుమ దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన రావడం మాత్రం ఆపలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా గులాల్ చల్లుకుంటుంటే, సార్ వచ్చి చేయి చాపమన్నారు. తప్పంతా తనదేనన్నట్టున్న ఆ ముఖం చూడలేకపోయాను.

"ముట్టుకుంటే తెలుస్తుంది సార్. మూడు వేళ్లకూ తెలుస్తుంది" అన్నాను.

ఆయన నీలం పెన్ను జేబులో పెట్టుకున్నారు. మళ్లీ ఎన్నడూ పరీక్షించలేదు. ఇంకేమైనా దారి ఉందా అని ఆయన్ను అడిగే హక్కు నేనే పోగొట్టుకున్నాను. ఇవాళ అడుగుదామంటే మనిషే లేరు.

అంత్యక్రియలయ్యాక సార్ భార్య, మా మేడమ్, నా పక్కన కూర్చున్నారు. "నీ చెయ్యి బాగైందని ఎంత మందికి చెప్పిండో బిడ్డా. గదొక్కటే ఆయన పానానికి నిమ్మళం" అన్నారు.

నేను గోడ వైపు చూస్తున్నాను. కాసేపటికి తల తిప్పితే, నా మూడు వేళ్లూ ఆమె గుప్పిట్లో ఉన్నాయి. ఎప్పుడు పట్టుకున్నారో నాకు తెలియలేదు.