కూటమి మాట నమ్మి రద్దు చేసిన ఐడీ

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ముగిసిన మరుసటి ఏడాది, ఖతార్‌లోని అల్ రయ్యాన్‌లో ఉన్న మా నిర్మాణ కంపెనీ నాకు హెచ్.ఆర్. ఆఫీసరు హోదా ఇచ్చి, మనుషుల్ని తగ్గించే పని అప్పగించింది. రాజీనామా ఇచ్చినవాడి ఐడీని, అంటే ఖతార్ నివాస అనుమతి కార్డును, కంప్యూటర్లో రద్దు చేయడం నా వంతు. రద్దయితే నెలలోగా దేశం విడవాలి. దాన్ని వెనక్కి తిప్పడం మా చేతుల్లో ఉండదు.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన రాజన్న మా దగ్గర ఆరేళ్లుగా వెల్డరు. యూరప్‌లో ఒక ఓడల కంపెనీ అతన్ని ఎంపిక చేసి పని అనుమతి పంపింది. వీసా ముద్ర మాత్రం పడాలి. ఈలోగా ఆ దేశంలో ‘మన పనులు మనవాళ్లకే’ అన్న పార్టీ ఎన్నికల్లో గెలిచి, బయటివాళ్ల వీసాలు ఆపేసింది. ఇచ్చిన అనుమతుల్ని ఆపడానికి వీల్లేదని, ఆ దేశం కూడా చేరి ఉన్న యూరప్ దేశాల కూటమి ప్రకటించింది. అది నేనే పేపర్లో చదివాను.

నెలాఖరుకల్లా జాబితా ముగించమని మేనేజరు తొందర. ఇక్కడే వేరే సైటులో ఉంటావా, రాజీనామా ఇచ్చి యూరప్ వెళ్తావా అని రాజన్నను అడిగాను.

“ఆ దేశమోళ్లు వద్దంటున్నరట గద సార్. ఇక్కడిది పోయి, అక్కడిది సుత పోతే ఎట్ల?” అన్నాడు.

ఖతార్ రాకముందు నేను కాకినాడ కలెక్టరాఫీసులో పదకొండేళ్లు గుమాస్తాను. కలెక్టరు ఉత్తర్వు వచ్చాక తాసిల్దారు నోరు మెదపడం ఎన్నడూ చూడలేదు. కూటమి కలెక్టరు, ఆ ప్రభుత్వం తాసిల్దారు అనుకున్నాను. ఎంత తెలివో చూడండి! “పైవాళ్లు చెప్పాక కిందివాళ్లేం చేస్తారోయ్, ధైర్యంగా వెళ్ళు” అన్నాను. రాజన్న రాజీనామా మీద సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నమే ఐడీ రద్దు చేశాను.

నాలుగో రోజున ఆ దేశ ప్రధాని, కూటమి ఏమన్నా తమ గడప ఎవరూ తొక్కలేరని సభలో అంటే జనం చప్పట్లు కొట్టారట. కూటమి నోటీసిచ్చింది. జవాబు లేదు. కేసు వేస్తామంది. వేసుకోమన్నారు. ఇక్కడ రోజులు తరిగిపోతున్నాయి. డ్యూటీకి రాగానే ఆ దేశ ఎంబసీ వెబ్‌సైటు తెరిస్తే, రోజూ ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క మాటే. కార్మికుల క్యాంపు నుంచి రాజన్న ఫోను చేస్తే, ఆ ఒక్క మాటే మళ్లీ చెప్పేవాణ్ని. కొత్తగా మళ్లీ తీసుకోమని మేనేజరును కాళ్లావేళ్లా పడి బతిమాలాను. “ఖలాస్” అన్నాడు.

ఇరవై ఎనిమిదో రోజున రాజన్నను నేనే విమానాశ్రయంలో దింపాను. దారిలో భార్య ఫోను చేసి, దుబాయ్‌ల పని పోయిందా అని అడిగింది; వాళ్ల ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే. లీవు దొరికిందని చెప్పాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

“గా కూటమి గీటమి నాకేం ఎరుక సార్? మీరు పొమ్మన్నరని సంతకం పెట్టిన” అన్నాడు.

కారులోంచి అతని పెట్టె నేనే దించాను.

మరుసటి ఏడాది కేసులో కూటమే గెలిచింది. అప్పటికి రాజన్న అనుమతి గడువు తీరిపోయింది.

ఇద్దరు ప్రభువుల మధ్య ఎవరు పెద్దన్నది వాళ్ల తగువు. ముద్ర వేసే చేయి ఎవరిదో ఉద్యోగి ముందు కనుక్కోవాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పాస్‌పోర్టులో వీసా కళ్లారా చూడకుండా ఎవరి ఐడీనీ నేను రద్దు చేయలేదు. జాప్యానికి రెండు మెమోలు వచ్చాయి. సంతకం పెట్టి తీసుకున్నాను.