ఒకళ్ళు తగ్గితేగా

నందిగామలో బస్సెక్కినప్పటి నుంచీ ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని నేను కడుతున్న ఒక హిప్‌హాప్ బీటుతో కుస్తీ పడుతున్నాను. సాయంత్రానికి ర్యాప్ పాడే కుర్రాడికి పంపాలి. ఎంత పెంచినా బేస్, అదే ఆ అడుగున మోగే లోతు మోత, డ్రమ్ముతో కలిసిపోయి ముద్దముద్దగానే వినిపిస్తోంది.

పక్క సీటు పెద్దావిడ నా మొహం చూసి, "ఏంటి నాయనా ఆ తిప్పలు?" అంది. ఒక ఇయర్‌ఫోన్ ఆవిడకిచ్చాను. కాసేపు విని, "మొగుడూ పెళ్ళాం ఒకేసారి అరుచుకుంటన్నట్టుంది. ఒకళ్ళు తగ్గితేగా రెండోవాళ్ళ మాట వినపడేది" అంది.

డ్రమ్ము దెబ్బ పడ్డ ప్రతిసారీ బేస్ ఒక్క క్షణం తగ్గేలా మార్చాను. చిల్లకల్లు దాటేసరికి రెండూ విడివిడిగా, శుభ్రంగా, గుండెకు తగిలేలా మోగాయి. హమ్మయ్య అని వెనక్కి వాలాను.

జగ్గయ్యపేటలో దిగబోతూ ఆవిడ మళ్ళీ విని, "ఇప్పుడు కుదిరింది కాపురం" అంది.

నా లాప్‌టాప్‌లో ఆ బీటు పేరు ఇప్పటికీ 'కాపురం'.